జటానీ పడుకున్న వాగు

మార్సబిట్ నుంచి నార్త్ హోర్‌కి పోయే దారిలో, మైకోనా దాటిన తర్వాత ఒక ఎండు వాగు వస్తుంది. ఒకప్పుడు దాని పేరు జటానీ పడుకున్న వాగు. ఆ జటానీ మా నాన్న.

మా దారి మీద లారీ నడిపేవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. చెడిపోయిన బండి ఎక్కడైనా కనిపిస్తే వెనకొచ్చే బండి ఆగి తీరాలి. ముందు నీళ్ళివ్వాలి, తర్వాత "ఈ చోటు ఎవరిది?" అని అడగాలి. మూడు రాత్రులు గడవకపోతే "దారిదే" అని చెప్పొచ్చు. గడిస్తే మాత్రం డ్రైవరు తన పేరు చెప్పాలి, ఇక ఆ చోటు ఎప్పటికీ వాడిదే. ఎవరి పేరు వాళ్ళ నోటితోనే రావాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెబితే చెల్లదు. నార్త్ హోర్ చేరేలోపు ఇలాంటి చోట్లు పధ్నాలుగు ఉన్నాయి. సోరా టైర్లు కాల్చిన దిబ్బ, గువ్యో ఏడ్చిన మలుపు, ఇంకా ఏవేవో. ఆ సోరా, ఆ గువ్యో ఎప్పుడో పోయారు. పేర్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

నాన్న ఆ వాగులో పదకొండు రాత్రులు ఉన్నాడు. అప్పుడు నాకు పదహారేళ్ళు. మాకు తెలిసిందల్లా ఇంతే: వెనక ఇరుసులో ఎడమ రాడ్డు విరిగింది, కొత్తది తెమ్మని తన దగ్గర మూటలు మోసే కటేలోని మార్సబిట్‌కి పంపాడు, తప్పు రాడ్డు వచ్చింది, మళ్ళీ పంపాడు. కట్టుబాటు ప్రకారం నాన్న తన పేరు చెప్పాడు. 'పడుకున్న' అన్న మాట తర్వాత ఎవరో తగిలించారు. కొలత కూడా సరిగ్గా తీయడం రాని డ్రైవరు, తప్పు కొలత పంపి పదకొండు రోజులు నిద్రపోయాడని బజారంతా నవ్వింది. కటేలో మాత్రం కాళ్ళరిగేలా రెండుసార్లు నడిచిన మొనగాడయ్యాడు.

నాన్న ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. ఆయన పోయాక ఆ లారీ నేను అందుకున్నాను, ఈ కథ జరిగేనాటికి నాలుగేళ్ళయింది. అద్దం పైన 'సుబిరా' అని రాసి ఉంటుంది. అంటే ఓపిక. ఆ పేరు పెట్టింది నాన్న. ఓపిక ఆయనతోనే పోయింది, నాకు రాలేదు.

నేను చెప్పేది ఫోన్లు లేని రోజుల మాట. ఆ రోజు బండిలో కలాచా కొట్లకు పోవాల్సిన మొక్కజొన్న పిండి నలభై బస్తాలు, చక్కెర, టీ పొడి ఉన్నాయి. వాటి మీద పదిమంది జనం, వాళ్ళ మేకలు. నా పక్కన క్యాబిన్‌లో టీ కొట్టు తుమే, ఆమె పక్కన కిటికీ దగ్గర కటేలో. ఆయనకి డెబ్బై దాటాయి. నాన్న కాలం నుంచి ఆ కిటికీ ఆయనదే. ఒళ్ళో ఎప్పుడూ ఒక రేడియో ఉండేది. నైరోబీ నుంచి ఎవరో తెచ్చిచ్చింది. దాన్ని మనవణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని కూర్చునేవాడు.

వాగులోకి దిగుతుండగా కటేలో కిటికీలోంచి తల బయటపెట్టాడు. ఏం అనబోతున్నాడో నాకు తెలుసు. ఇరవై రెండేళ్ళుగా వింటున్నదే.

"ఒరేయ్, మేకల్ని అరవనీకండ్రా! జటానీ నిద్ర చెడుతుంది!"

పైనున్న వాళ్ళంతా గొల్లున నవ్వారు.

"ఈ ముసలాయన నోరు కుట్టేయడానికి ఎవరి దగ్గరన్నా సూది ఉందా?" అంది తుమే.

నాకు ఒళ్ళు మండింది. ఒళ్ళు మండినప్పుడు క్లచ్ మీద కాలు మెత్తగా ఉండదు. అవతలి గట్టు ఎక్కుతుంటే పెడల్‌ని ఒక్కసారిగా వదిలేశాను. వెనక ఇరుసులో ఠంగుమంది. ఇంజను గట్టిగా అరిచింది. లారీ ముందుకి పోవడం మానేసి మెల్లగా వెనక్కి జారింది. బ్రేకు తొక్కి పట్టుకున్నాను, పైనుంచి జనం దూకి చక్రాల కింద రాళ్ళు పెట్టారు.

దిగి బండి కిందికి దూరి చూశాను. తుమేని క్యాబిన్‌లో కూర్చోబెట్టి గేరు వేయించాను. ఇంజను నుంచి వెనక్కి వచ్చే పొడవాటి రాడ్డు గిర్రున తిరుగుతోంది. చక్రాలు మాత్రం కదలడం లేదు. ఇంకేం చూడాలి? ఇరుసు లోపల రాడ్డు విరిగింది. అదే బండి, అదే వాగు, అదే గట్టు. నాన్నకి జరిగిందే నాకూ జరిగింది. ఎవరి మొహమూ చూడాలనిపించలేదు.

కానీ ఒక ఆశ ఉంది. మా లారీకి వెనక రెండు రాడ్లు ఒకే పొడుగు కావు. వాటిని తిప్పే గేర్ల గుండు ఇరుసుకి సరిగ్గా మధ్యలో ఉండదు, కుడివైపుకి జరిగి ఉంటుంది. అందుకని ఎడమ రాడ్డు పొడుగు, కుడిది జానెడు పొట్టి. అప్పట్లో తప్పుగా వచ్చింది పొట్టి రాడ్డు. దాన్ని నాన్న పారేయలేదు, తిరిగి అమ్మలేదు. ఒంటె తోలులో చుట్టి బండి కింద కట్టేశాడు. ప్రతి వానాకాలం తనే విప్పి గ్రీజు పూసేవాడు. ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు విరిగింది కుడిది అయితే నేను బతికిపోయినట్టే.

ముందు ఎడమ చక్రం మధ్యలో బోల్టులు విప్పి రాడ్డు లాగాను. నిక్షేపంలా మొత్తం బయటికి వచ్చింది. కుడివైపు విప్పి లాగాను. మూరెడు ముక్కే చేతికొచ్చింది. చివర చెరుకు విరిచినట్టుంది.

"కుడిదే!" అని అరిచాను. విరిగిన రాడ్డుని చూసి అంత సంతోషపడిన మనిషిని ఆ దారి ఎప్పుడూ చూసి ఉండదు.

సంతోషం ఎంతసేపో నిలవలేదు. విరిగిన రెండో ముక్క గేర్ల గుండులోనే ఇరుక్కుని ఉంది. అది బయటికి రాకుండా కొత్త రాడ్డు లోపలికి పోదు. ఇరుసు గొట్టంలో అది చేయి పెట్టినా అందనంత లోతున ఉంది. కంచె తీగతో ఉచ్చు చేసి చీకటి పడేదాకా లాగాను. ముక్క చివర ఏటవాలుగా విరిగింది కాబట్టి ఉచ్చు జారిపోతూనే ఉంది.

"బాబాయ్, రేడియో లోపల స్పీకరుకి అయస్కాంతం ఉంటుంది. ఇస్తావా?" అని కటేలోని అడిగాను.

ఆయన రేడియోని గుండెలకి హత్తుకున్నాడు. "దీన్ని పగలగొడితే వార్తలు ఎట్లా వినాలే? ఇంకేదన్నా అడుగు. నా పన్ను పీకిస్తా, ఉన్న రెండిట్లో ఒకటి."

ముక్క బిగువు వదులుతుందేమోనని గొట్టంలో కాస్త కిరసనాయిలు పోసి ఆ పూటకి వదిలేశాను.

మర్నాడు పొద్దున ఇసాకో లారీ వచ్చింది. కొత్త బండి, కొత్త పొగరు. నాకంటే పదేళ్ళు చిన్న. కట్టుబాటు తప్పకుండా రెండు డబ్బాల నీళ్ళు దింపించాడు. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"దర్మక్కా, ఈ చోటు ఎవరిది?"

"దారిదే."

"ఇవాళ్టికి దారిదే. రేపు సాయంత్రం తిరిగొస్తాను, అప్పుడు కూడా అడుగుతాను. ఆ రాత్రి కూడా ఇక్కడే ఉంటే 'తండ్రీ కూతుళ్ళు పడుకున్న వాగు' అయిపోతుంది. అంత పొడుగు పేరు పలకలేం. ఇంకాస్త పొట్టిది చూసుకో."

"నువ్వు గువ్యో ఏడ్చిన మలుపు దగ్గర ఏడవకుండా పోయి రా, చాలు."

నవ్వాడు. చెడ్డవాడేం కాదు. "తాడేసి గట్టెక్కించనా?" అని అడిగాడు.

"నిండు బండిని ఈ గట్టు మీదికి లాగితే నీ రాడ్డు కూడా పోతుంది. పైకి లాగినా ఏం లాభం, లోపల విరిగిన ముక్క పెట్టుకుని బండి ఎంత దూరం పోతుంది? జనాన్ని ఎక్కించుకుని పో."

జనం, మేకలు ఆ బండెక్కారు. తుమే దిగిపోయింది. "నా చక్కెర ఇక్కడుంటే నేనక్కడ టీ దేంతో పెట్టను?" అంది. అది వంక. నన్ను ఒక్కదాన్నే వదిలి పోవడానికి ఆమెకి మనసొప్పలేదు. కటేలో కూడా ఎక్కలేదు. ఎందుకని అడిగితే కాళ్ళు నొప్పులన్నాడు.

ఎండ నెత్తికెక్కేదాకా ఆ ముక్కతో పెనుగులాడాను. కిరసనాయిలుకి కాస్త కదిలినట్టనిపించింది గానీ పట్టు దొరకలేదు. అప్పుడు ఒక అనుమానం వచ్చింది. బండి కింద ఉన్న రాడ్డు నిజంగా ఈ బండికి పట్టేదేనా? కుడిదాని పొడుగే ఉందా, లేక ఎటూ కాని కొలతా? ఈ కష్టమంతా పడ్డాక అది కూడా పట్టకపోతే? వెంటనే పోయి కట్లు కోసి చుట్ట కిందికి దించాను. తోలు రాయిలా బిగిసిపోయి ఉంది. కత్తితో చీల్చి విప్పాను. నాన్న పూసిన గ్రీజు ఇంకా పచ్చగానే ఉంది.

రాడ్డుకి చుట్టి ఒక పాత నారతాడు ఉంది. ఒక చివర ముడి. అది నాన్న వేసే ముడి, ఒంటెల మీద బరువు కట్టేటప్పుడు వేసే రెండు మెలికలది. కొలత తాడు అని చూడగానే తెలిసింది. మా వాళ్ళు ఏ కొలతయినా అలాగే పంపుతారు, ఈ ముడి నుంచి ఆ ముడి దాకా అని. కానీ ఈ తాడుకి రెండో చివర ముడి లేదు. కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

తాడుని పొట్టి రాడ్డు పక్కన చాపాను. అంగుళం తేడా లేదు. నిన్న బయటికి తీసిన ఎడమ రాడ్డు పక్కన చాపాను. జానెడు తక్కువ.

నాన్న కొలత తప్పు పంపలేదు.

కటేలో నీడలో కూర్చుని రేడియో ముల్లు తిప్పుతున్నాడు. తాడు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. "బాబాయ్, దీనికి రెండో ముడి ఏమైంది?"

ఆయన తాడు వంక చూశాడు. రేడియో ఆపేశాడు. 

"దాన్ని దాచాడా?" అన్నాడు.

"రెండో ముడి ఏమైందంటున్నాను."

"చెప్పు తెగిందే." అన్నాడు. "బయల్దేరిన రెండో రోజు. నల్లరాళ్ళ మీద. టైరు చెప్పు వారు తెగింది. ఆ రాళ్ళ మీద ఒక చెప్పుతో ఎట్లా నడుస్తారు? నా చేతిలో తాడు తప్ప ఏముంది? జానెడు కోసి చెప్పుకి కట్టుకున్నా. కొట్టులో జానెడు కలిపి చెబుదామనుకున్నా. దేవుడి మీద ఒట్టు, అట్లాగే అనుకున్నా."

"మరి?"

"ఇంకో రోజు నడిచేసరికి మర్చిపోయా. కొట్టువాడు తాడు పెట్టి చూశాడు. ఒక రాడ్డుకి చక్కగా సరిపోయింది. సరిపోయిందని సంతోషపడ్డానే దర్మీ! పొట్టిది, తేలిగ్గా ఉంది, మోసుకుపోవచ్చని కూడా సంతోషపడ్డా."

"నాన్నకి తెలుసా?"

"ఎందుకు తెలీదు? రాడ్డు పట్టలేదు. తాడు తీసి చూశాడు. తర్వాత నా కాళ్ళు చూశాడు. ఆ ముక్క చెప్పుకే ఉంది, ముడితో సహా. ఒక్క మాట అనలేదు. తాగడానికి నీళ్ళిచ్చాడు. నీళ్ళు కూడా తక్కువే ఉన్నాయప్పుడు. ఇంకో తాడు కొలిచి ముడులేసి, మళ్ళీ వెళ్ళమన్నాడు."

"మరి పడుకున్నాడని ఎవరన్నారు?"

ఆయన తాడు కొస వేలికి చుట్టుకున్నాడు. ఎవరన్నారో నాకు అర్థమైంది.

"మళ్ళీ ఎందుకొచ్చావని మార్సబిట్‌లో అందరూ అడిగారు" అన్నాడు. "కొలత తప్పెట్లా పోయిందన్నారు. నోటికొచ్చింది అనేశా, ఆయన అక్కడ హాయిగా పడుకున్నాడని. నవ్వారు. నవ్వారు కదాని ఇంకోసారి అన్నా. తర్వాత వాళ్ళే అడిగేవాళ్ళు, ఏదీ ఆ మాట మళ్ళీ అను అని."

నాకు ఏం చేయాలో తెలియలేదు. ఆ ముసలాయన్ని కొట్టాలనిపించింది. నిజంగానే చెయ్యెత్తాను. తుమే వచ్చి పట్టుకుంది.

"పో! లేచి పో! ఇప్పుడు కూడా నడిచే పో!" అని అరిచాను. "ఇరవై రెండేళ్ళు మా ఇంట్లో పాలు తాగావు. ఈ బండిలో ఒక్కసారి కూడా నీ దగ్గర ఛార్జీ అడగలేదు మేం. ఆయన పక్కనే కూర్చుని, ఆయన మొహం మీదే ఆ మాట అన్నావే! ఆయన పాడె మోస్తూ కూడా అనుకున్నావా, జటానీ పడుకున్నాడని?"

"అనుకోలేదే..."

"ఇప్పుడు నా ఒక్కదాని చెవిలో వేసి చేతులు దులుపుకుంటావా? నవ్వినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? వాళ్ళకెవరు చెప్తారు? నేను చెబితే చెల్లదు. కట్టుబాటు నీకు తెలీదా?"

బండి కిందికి దూరి ఏడ్చాను. నాన్న మీద కూడా కోపం వచ్చింది. ఒక్క మాట అంటే పోయేది కదా, ఎందుకు మింగాడు? వంద కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి కాళ్ళు చూసి జాలిపడ్డాడా? తర్వాత చెప్పాలనుకునేసరికి నవ్వు ఊరంతా పాకిపోయిందా? ఆయన్ని అడగడానికి లేదు. ముక్కు తుడుచుకుని మళ్ళీ తీగ అందుకున్నాను. ఏడిస్తే ముక్క రాదు. రేపు సాయంత్రంలోగా ఈ వాగులోంచి బయటపడకపోతే, ఆయన పేరు పక్కన నా పేరు కూడా చేరుతుంది. అప్పుడు ఆ అబద్ధానికి ఇంటి ముద్ర పడినట్టే.

బయట ఏదో పగిలిన చప్పుడైంది. తల తిప్పి చూస్తే కటేలో చేతిలో రాయి ఉంది. రేడియో రెండు ముక్కలై ఇసుకలో పడి ఉంది. ఆయన వంగి స్పీకరు ఊడబీకి, గుండ్రటి అయస్కాంతాన్ని నా ముందు పెట్టాడు. నేను ఆయన మొహం చూడలేదు. అయస్కాంతం మాత్రం తీసుకున్నాను.

దాన్ని ఒక పొడవాటి కర్ర చివర కట్టి గొట్టంలోకి తోస్తే పక్క గోడలకే అంటుకుపోతోంది. కటేలో పాత ఒంటె తోలులోంచి ఒక పట్టీ కోసిచ్చాడు. అంచుల చుట్టూ తోలు చుట్టి, ముందు భాగం మాత్రం తెరిచి ఉంచాం. ఈసారి సాఫీగా లోపలికి పోయి టక్కున అంటుకుంది. లాగితే వేలెడు కదిలి ఆగిపోయింది.

"తుమే, ఇంజను నుంచి వచ్చే ఆ పొడవాటి రాడ్డు పట్టుకుని అటూ ఇటూ కుదుపు! మజ్జిగ చిలికినట్టు!"

"ఒంటె పాలు చిలికిన చేతులే ఇవి. కాస్కో!"

ఆమె కుదిపింది, నేను లాగాను, కటేలో నా నడుము పట్టుకుని వెనక్కి లాగాడు. మెలితిరిగిన ముక్క ఒక్కసారిగా వదిలింది. ముగ్గురం ఇసుకలో వెల్లకిలా పడ్డాం. తుమే పడీపడీ నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది గానీ కటేలో పక్కనే ఉన్నాడని ఆపుకున్నాను.

మూడో రోజు పొద్దున రాడ్డు ముక్కలన్నీ గుడ్డ మీద పేర్చి, విరిగిన కుండని అతికినట్టు కలిపి చూశాను. ఒక చోట గోరంత పెంకు తక్కువైంది.

"గోరంతే కదే. పోనీలే" అంది తుమే.

"జానెడే కదా అనుకుంటే ఏమైందో నిన్న విన్నావుగా" అన్నాను. కటేలో తల దించుకున్నాడు. కావాలనే అన్నాను, దాచను.

ఆ గోరంత ఇనుము గేర్ల పళ్ళ మధ్య పడితే గుండు మొత్తం పోతుంది. కింది బోల్టు విప్పి నూనె అంతా బేసిన్లోకి దించాం. మళ్ళీ పోయడానికి వేరే నూనె లేదు, కాబట్టి వడకట్టాలి. తుమే తన తలగుడ్డ విప్పి ఇచ్చింది. "పోయినేడు పెళ్ళికి కొన్నది" అని మూడుసార్లు చెప్పింది. దాని అడుగున పెంకు దొరికింది. మళ్ళీ అదే నూనె పోశాను.

పొట్టి రాడ్డు లోపలికి తోశాను. పళ్ళు కలిసేదాకా మెల్లగా తిప్పాను. చివరి వేలెడు దానంతటదే జారి కూర్చుంది. ఎడమ రాడ్డుని కూడా తిరిగి బిగించాను. నాన్న గ్రీజు నా మోచేతుల దాకా అంటింది. పద్దెనిమిదేళ్ళు ఆయన ఎందుకు దాచాడో, ఎవరి మీద కోపంతో దాచాడో నాకు తెలియదు. తుప్పు మాత్రం పట్టనివ్వలేదు.

ఇక గట్టు ఎక్కాలి. నిండు బండితో ఎక్కితే మళ్ళీ విరుగుతుంది. నలభై బస్తాలూ పైకి మోయాలి. నేను రెండు మోసి వచ్చేసరికి కటేలో ఒకటి వీపుకి ఎత్తుకుని వంగిపోయి గట్టెక్కుతున్నాడు.

"దింపు" అన్నాను. "చస్తావు."

"చావను. నీ మీద పేరు పడనివ్వను."

నిన్నటి నుంచి ఆయనతో నేనన్న మొదటి మాట ఆ 'దింపు'. తర్వాత ఇద్దరం ఒక బస్తాని చెరో వైపు పట్టుకుని మోశాం. తుమే ఒక్కతే మాకంటే ఎక్కువ మోసింది. పొద్దు వాలేసరికి వాగులో బండి తప్ప ఏమీ మిగల్లేదు.

ఇంజను స్టార్ట్ చేశాను. క్లచ్ మీద కాలు పెట్టి, నాన్న నేర్పినట్టు ముందు ఊపిరి వదిలాను. కోపంతో ఎక్కితే ఏమైందో మొన్ననే చూశాను. పెడల్‌ని వెంట్రుకవాసి చొప్పున వదిలాను. ఇరుసు కిర్రుమంది. చక్రాలు ఇసుకని పట్టుకున్నాయి. సుబిరా గట్టు ఎక్కి, బస్తాల పక్కన నిలబడింది.

దిగేసరికి అవతలి నుంచి దుమ్ము లేస్తోంది. ఇసాకో. బండి మీద నలభైమందికి తక్కువ లేరు, మార్సబిట్ సంతకి పోయేవాళ్ళు. ఆగి, ముందు నీళ్ళు దింపాడు. గట్టు పైనున్న నా బండిని చూసి తల ఊపాడు. అయినా నడుము మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

"అక్కా, ఈ చోటు ఎవరిది?"

'దారిదే' అనడానికి నోరు తెరిచాను.

"నాది" అన్నాడు కటేలో.

బండి మీద జనం నవ్వారు. ఈయన ఇంకేదో జోకు వేస్తున్నాడనుకున్నారు.

"నీకు బండేది తాతా?" అన్నాడు ఇసాకో.

"బండి లేదు. చెప్పు ఉంది." కటేలో వంగి కాలి నుంచి టైరు చెప్పు తీసి పైకెత్తాడు. "అందరూ చూడండి. మార్సబిట్‌కి పోయి చెప్పండి. జటానీ ఇక్కడ పడుకోలేదు. ఆయన పంపిన కొలత సరైనదే. చెప్పు తెగితే ఆ తాడు నేను కోసుకున్నాను. తప్పు రాడ్డు తెచ్చింది నేను. ఆయన పదకొండు రాత్రులు ఇక్కడున్నది నా మూలాన. పడుకున్నాడన్నది కూడా నేనే."

ఎవరూ నవ్వలేదు. ఒక మేక మాత్రం అరిచింది.

ఇసాకో నా వంక చూశాడు. నేను ఔననలేదు, కాదనలేదు. అది నా మాట కాదు. అతను నడుము మీది నుంచి చేతులు దించాడు.

"పేరు సరిగ్గా చెప్పు తాతా. అందరూ వినాలి."

"కటేలో చెప్పు తెగిన వాగు" అన్నాడు. గట్టిగానే అన్నాడు.

మేం బస్తాలు ఎక్కించుకుంటుంటే ఇసాకో, అతని జనం దిగి సాయం పట్టారు. కటేలో క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, ఎక్కాలో వద్దో తెలియక. ఆయన్ని క్షమించానా అంటే ఇప్పటికీ చెప్పలేను. కిటికీ పక్క చోటు మాత్రం చూపించాను. కలాచా వరకు ఆయన చేతులు ఒళ్ళో ఊరికే పెట్టుకుని కూర్చున్నాడు.

కటేలో పోయి కూడా చాలాకాలమైంది. ఇప్పటి పిల్లలు "చెప్పు తెగిన వాగు దగ్గర ఆపు" అంటారు, నేను ఆపుతాను. ఒక్కోసారి కొత్త డ్రైవర్లు అడుగుతుంటారు, ఇన్నేళ్ళు ఈ దారిలో నడిపాడు కదా, మీ నాన్న పేరు మీద ఏ చోటు ఉందని.

"ఎక్కడా లేదు" అంటాను. మా దారిలో ఒక డ్రైవరు గురించి చెప్పుకోవడానికి అంతకంటే మంచి మాట లేదు.